ల్యాప్‌టాప్‌తో హై-ఫై: డాక్ కొనే ముందు చార్జర్ పీకి చూడండి

నమస్తే అండి. ల్యాప్‌టాప్‌ని స్టీరియోకి కలిపి పాటలు వింటే బాగుంటుందా, లేక దానికోసం విడిగా సీడీ ప్లేయరో, ఇంటర్నెట్ పాటలు వినిపించే స్ట్రీమర్ అనే పెట్టో కొనాలా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఈ వీడియో. నా మాట ముందే చెప్పేస్తా, చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని కూర్చోబెట్టను: ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. కాకపోతే షాపులో మనకి అంటగట్టే వస్తువుల కంటే, పైసా ఖర్చు లేని పనులే ఎక్కువ తేడా తెస్తాయి, అవి చేయకుండా ఎంత ఖరీదైన డబ్బా తెచ్చి మధ్యలో పెట్టినా ఉపయోగం ఉండదు.

టేబుల్ మీద ఏమున్నాయంటే, కొంచెం పాతబడ్డ విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి, స్పీకర్లని నడిపే మారంట్జ్ పీఎం6007 యాంప్, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, టాపింగ్ ఈ30 అనే చిన్న డాక్, అంటే ల్యాప్‌టాప్ ఇచ్చే డిజిటల్ డేటాని యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బా. ఏదీ ఎవరూ పంపలేదు, అన్నీ నేను కొనుక్కున్నవే.

ముందు అందరూ చేసే పనే చేద్దాం. హెడ్‌ఫోన్ జాక్‌లోంచి రెండు ఆర్‌సీఏ పిన్నులకి వెళ్లే వైరు తీసుకుని యాంప్ వెనక సీడీ అని రాసి ఉన్నచోట పెట్టాను. పాట వస్తోంది. నిజం చెప్పాలంటే మరీ చెత్తగా కూడా ఏమీ లేదు. కానీ సీడీ ప్లేయర్ సాధారణంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది, ల్యాప్‌టాప్ జాక్ అందులో సగం ఇస్తే గొప్ప, దాంతో యాంప్ నాబ్ ఎక్కువ తిప్పాల్సి వస్తుంది, తిప్పేకొద్దీ పాటతో పాటు వెనకాల ఉన్న చెత్త కూడా పైకొస్తుంది. ఆ సౌండ్ చిప్ ఉండేది ప్రాసెసరు, వైఫై పక్కనే కదా, మౌస్ కదిపితే స్పీకర్లో కిచకిచమనే ల్యాప్‌టాప్‌లు మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు పాట ఆపేసి వాల్యూమ్ సగం దాటించి పెడుతున్నా. మీరు కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి... ఆ గుయ్‌మనే మోత వినబడుతోందా? ఇదిగో, చార్జర్ పిన్ను లాగేస్తున్నా... పోయింది. మళ్లీ పెడుతున్నా... వచ్చేసింది. అంతే, పరీక్ష అయిపోయింది. మీ సిస్టమ్‌లో ఇలాంటి మోత, అంటే హమ్ వస్తుంటే ముందు చేయాల్సింది ఇదే, బ్యాటరీ మీద పెట్టగానే ఆగిపోయిందంటే తప్పు స్పీకర్లది కాదు, యాంప్‌ది కాదు.

ఎందుకలా అంటే, ల్యాప్‌టాప్ చార్జర్ ఎస్ఎంపీఎస్ రకం, అంటే కరెంటుని చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గించేది, దానిలోంచి చిన్నపాటి లీకేజీ కరెంటు బయటికొస్తూనే ఉంటుంది. రెండు పిన్నుల చార్జర్ పెట్టి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది చూడండి, అదే ఇది. ఆ కరెంటు ఆడియో కేబుల్ గ్రౌండ్ మీదుగా యాంప్‌లోకి పోతుంది. మూడు పిన్నుల చార్జర్ అయితే గొడవ ఇంకో రకం, ల్యాప్‌టాప్ ఒకచోట ఎర్త్ అవుతుంది, యాంప్‌కో దానికి కలిపిన సబ్‌వూఫర్‌కో ఇంకోచోట ఎర్త్ ఉంటుంది, మధ్యలో మన కేబుల్ ఆ రెండింటినీ కలిపేసరికి ఒక లూప్ ఏర్పడి మెయిన్స్ 50 హెర్ట్జ్ అందులో తిరుగుతుంది. పాత ఇళ్లలోనైతే సాకెట్‌కి మూడు కన్నాలు కనబడతాయి గానీ వెనక ఎర్త్ వైరే ఉండదు, అక్కడ ఏ లెక్కా పనిచేయదు, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఒకసారి చూపించుకోవడమే. మామూలుగా అయితే అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి, చాలాసార్లు తగ్గుతుంది. హమ్ పోతుందని చార్జర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ఉన్నారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. యూఎస్‌బీ డాక్ కొంటే హమ్ దానంతట అదే పోతుందనుకోకండి, యూఎస్‌బీ కేబుల్‌లో ఉన్నదీ రాగి తీగే, గ్రౌండ్ కలిసే ఉంటుంది. ఖాయంగా పోవాలంటే ఆప్టికల్, ఎందుకంటే దాంట్లో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు, లూప్ అక్కడే తెగిపోతుంది. కానీ తిక్క ఏంటంటే, ఈ పీఎం6007లో లోపలే డాక్ ఉంది, వెనక రెండు ఆప్టికల్ ఇన్‌పుట్లు, ఒక కోయాక్సియల్ (రాగి తీగతో వచ్చే డిజిటల్ ఇన్‌పుట్) ఉన్నాయి, యూఎస్‌బీ మాత్రం లేదు. యమహా ఏ-ఎస్501లో కూడా ఆప్టికల్, కోయాక్సియల్ ఉన్నాయి గానీ యూఎస్‌బీ లేదు. ల్యాప్‌టాప్‌కేమో యూఎస్‌బీ ఉంటుంది, ఆప్టికల్ ఉండదు. పాత మ్యాక్‌బుక్‌లలో హెడ్‌ఫోన్ కన్నంలోనే ఆప్టికల్ కూడా వచ్చేది, హాయిగా ఉండేది, తీసి పారేశారు. కాబట్టి ఇలాంటి యాంప్ మీ దగ్గరుంటే ఇంకో డాక్ కొనక్కర్లేదు, యూఎస్‌బీని ఆప్టికల్‌గా మార్చే చిన్న కన్వర్టర్ తెచ్చుకుంటే సరిపోతుంది. కేంబ్రిడ్జ్ సీఎక్స్ఏ61 లాంటి దానికి యూఎస్‌బీ వెనకే ఉంది, నేరుగా కలిపేయడమే. ఇంట్లో ఏవీ రిసీవర్, అంటే హోమ్ థియేటర్ యాంప్ ఉన్నవాళ్లయితే అసలు ఏమీ కొనకండి, హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి చాలు.

యాంప్‌లో డిజిటల్ ఇన్‌పుట్లు ఏవీ లేనివాళ్లకి ఈ ఈ30 రకం డాక్ కావాలి. యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ మూడూ తీసుకుంటుంది, వెనక ఆర్‌సీఏ నుంచి 2 వోల్టులు ఇస్తుంది, రిమోట్ ఉంది. విండోస్ 10లో 2017 అప్‌డేట్ నుంచి ఇలాంటి డాక్‌లకి డ్రైవర్ లోపలే ఉంది, గుచ్చగానే పట్టుకుంటుంది. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లు దాదాపు అన్నీ అసింక్రోనస్, అంటే టైమింగ్ చూసుకునేది డాక్‌లో ఉన్న క్లాకే, ల్యాప్‌టాప్ ఆ క్లాక్ అడిగినప్పుడు డేటా పంపుతుంది, అంతే. అందుకే వేలు పోసి యూఎస్‌బీ కేబుల్ కొంటే బేస్ బిగుసుకుంటుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. నేను వాడుతున్నది ప్రింటర్‌తో వచ్చిన కేబుల్.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తా, ఈ డాక్ డిస్‌ప్లే చూడండి. ప్లే అవుతున్నది సీడీ నుంచి ఎక్కించిన పాట, అంటే 44.1 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసుకున్నది), 16 బిట్. డిస్‌ప్లేలో ఏముంది? 48. విండోస్‌లో వేరే వేరే ప్రోగ్రాముల శబ్దాలన్నీ ఒక మిక్సర్లో కలుస్తాయి, సెట్టింగ్స్‌లో ఏ రేటు పెట్టి ఉంటే పాటని ఆ రేటుకి మార్చి పంపేస్తుంది, మనకి ఒక్క ముక్క కూడా చెప్పదు. దీన్ని దాటాలంటే ఎక్స్‌క్లూజివ్ మోడ్, అంటే మిక్సర్ని పక్కన పెట్టి ఒక్క ప్లేయరే డాక్‌ని వాడుకోవడం. ఫూబార్2000 అనే ప్లేయర్ ఉచితం, అందులో ప్రిఫరెన్సెస్, ఔట్‌పుట్‌కి వెళ్లి, మీ డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అదే పాట మళ్లీ పెడుతున్నా... ఇదిగో, 44.1. మ్యాక్ వాళ్లకైతే ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లో ఆ రేటు మార్చుకోవచ్చు.

వినడానికి ఎంత తేడా అంటారా? చాలా తక్కువండి. కళ్లు మూసుకుని పోల్చమంటే నేను ఖాయంగా పట్టుకుంటానని చెప్పను. నాకు ఎక్స్‌క్లూజివ్ మోడ్ నచ్చేది వేరే కారణానికి, మంచి ఆలాపన మధ్యలో ఆఫీసు మెయిల్ టింగుమని స్పీకర్లంత సైజులో మోగదు. దానివల్లే ఇంకో చిక్కు కూడా ఉంది, పాట నడుస్తుండగా యూట్యూబ్ తెరిస్తే సౌండ్ రాదు, ల్యాప్‌టాప్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. విండోస్ వాల్యూమ్ బార్ కూడా ఈ మోడ్‌లో పనిచేయకపోవచ్చు, కాబట్టి మొదటిసారి పెట్టేటప్పుడు యాంప్ నాబ్ పూర్తిగా తగ్గించి పెట్టండి, లేదంటే పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చుంటారు. వాల్యూమ్ ఎప్పుడూ యాంప్ దగ్గరే తగ్గించుకోండి, ల్యాప్‌టాప్‌లో ఫుల్లుగా ఉంచేయండి. 16 బిట్ ఔట్‌పుట్‌లో ల్యాప్‌టాప్ దగ్గర తగ్గించే ప్రతి 6 డెసిబెల్స్‌కీ ఒక బిట్ పోతుంది. 24 బిట్ పెట్టుకుంటే అంత నష్టం ఉండదు.

పాటల సంగతికొస్తే, సీడీలుంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో ఫ్లాక్‌లోకి, అంటే సౌండ్ ఏమీ పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్‌లోకి ఎక్కించుకోండి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవు ఉండదు గానీ యూఎస్‌బీది విడిగా దొరుకుతుంది. ఒక ఆల్బమ్ సుమారు 300 ఎంబీ, అంటే ఒక టెరాబైట్ డిస్కులో మూడు వేల ఆల్బమ్‌లు పడతాయి, జీవితానికి సరిపోతాయి. కానీ ఒకే సీడీలో నూరు పాటలని అమ్మేవారు గుర్తుందా, అవి ఎంపీ3లు, వాటిని ఫ్లాక్ చేస్తే ఫైలు లావవుతుంది తప్ప పోయిన సౌండ్ తిరిగిరాదు. అలాగే ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగులని 192 కిలోహెర్ట్జ్ పేరుతో కొనకండి. అక్కడ తేడా తెచ్చేది మంచి టేపు నుంచి శుభ్రంగా ఎక్కించారా లేదా అన్నదే.

రోజూ వాడకంలో నాకు విసుగు పుట్టించేవి రెండు. ఒకటి ఫ్యాను, రాత్రి పూట మెల్లగా పెట్టుకున్న వీణ పాటలో ఫ్యాను హోరు కలిస్తే చిరాకు, అందుకే ల్యాప్‌టాప్‌ని స్పీకర్లకి దూరంగా పెట్టి రెండు మీటర్ల యూఎస్‌బీ కేబుల్ వేశాను, 5 మీటర్ల వరకు పర్వాలేదు. రెండోది, పాట మార్చాలంటే ప్రతిసారీ లేవాలి. మూత మూసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో డూ నథింగ్ పెట్టి, ఫోన్ నుంచి ప్లేయర్‌ని నడిపే రిమోట్ యాప్ ఒకటి వేసుకుంటే ఆ బాధ పోతుంది. పగిలిన స్క్రీన్ ల్యాప్‌టాప్ అటక మీద ఉంటే దానికి ఎస్ఎస్‌డీ వేయించి ఈ పనికే కేటాయించండి.

ఇంట్లో అమ్మానాన్నలు, పిల్లలు అందరూ వాడాలంటే మాత్రం స్ట్రీమరే నయం, ఈ ఎక్స్‌క్లూజివ్ మోడ్ గోలంతా వాళ్లకి చెప్పలేం. ఒక్కరే కూర్చుని వినేవాళ్లయితే ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

మీ యాంప్ వెనక ఏయే ఇన్‌పుట్లు ఉన్నాయో చూసి మోడల్ పేరుతో కామెంట్‌లో పెట్టండి, చార్జర్ తీస్తే హమ్ తగ్గిందో లేదో కూడా రాయండి, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో అక్కడే చెబుతా.