నిప్పు పెట్టకుండానే అంటుకునే గుట్టలు

నమస్కారం. కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని, భూపాలపల్లి వైపు వెళ్లినవాళ్లు ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన గుట్టల్లాంటి మట్టి కుప్పలు చూసే ఉంటారు. బొగ్గు మీద ఉన్న మట్టీ రాయీ తీసి పోసినవి, ఓబీ (ఓవర్‌బర్డెన్) డంపులంటారు. అందులో ఎక్కువ భాగం ఇసుకరాయే, అది కాలదు. చిక్కంతా దాంతోపాటు కలిసి వచ్చే బొగ్గు ముక్కలతో, బొగ్గు అంశ ఉండే నల్లటి షేల్ అనే పొరల రాయితో.

ఎవరో బీడీ పారేస్తేనే అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదండీ. బొగ్గు ఊరికే గాలి తగిలినా ఆక్సిజన్ పీల్చుకుంటూ కొద్దికొద్దిగా వేడెక్కుతుంది, పలచగా పరిచి ఉంటే ఆ వేడి పోతుంది, పెద్ద కుప్ప నడుమ ఇరుక్కుంటే మాత్రం పోయే దారిలేక పేరుకుంటుంది, పచ్చిగా ఉండగానే వేసిన గడ్డివాములో లాగా. పైరైట్ అనే గంధకపు ఖనిజం కూడా ఉంటే ఇంకా తొందరగా అంటుకుంటుంది.

దీనికి తోడు మనం పోసే పద్ధతి ఒకటి. డంపర్ పైనుంచి ఒంపేస్తే పెద్ద రాళ్లు దొర్లి అడుక్కి పోతాయి, పొడి పైనే నిలుస్తుంది. అడుగున రాళ్ల సందుల్లోంచి గాలి దూరుతుంది, లోపల వేడెక్కి పైకి లేస్తుంది, దాని వెనకే కొత్త గాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ఊళ్లకు ఊళ్లు దీపాలు ఆర్పుకుని కూర్చుంటే, కాలుతున్న గని కుప్పలు మాత్రం రాత్రంతా ఎర్రగా వెలిగేవి. శత్రు విమానాలకు దారి చూపిస్తాయేమోనని టెన్షన్! వాటిని ఆర్పడమే పెద్ద పనైపోయింది.

నీళ్లు కొట్టొచ్చు కదా అంటారా? ఎర్రగా కాలే బొగ్గు మీద నీళ్లు పడితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి, రెండూ మండేవే, పేలుడు జరగొచ్చు. తొందరపడి తవ్వితే లోపలి నిప్పుకు ఒక్కసారిగా గాలి అందుతుంది. అందుకే కొంచెం కొంచెంగా తీసి పలచగా పరిచి చల్లార్చాలి, లేదా బంకమట్టి కప్పి గాలి ఆపాలి. రెండూ ఖర్చుతో, ఓపికతో కూడిన పనులు.

నన్నడిగితే అసలు ఖర్చు పెట్టాల్సింది కుప్ప పోసేటప్పుడే. బొగ్గు కలిసిన రాయిని వేరుగా ఉంచాలి, పలచటి పొరలుగా పోసి రోలర్‌తో అణచాలి, వాలు తగ్గించాలి, పైన మట్టి కప్పాలి. మొక్కలు నాటడం మంచిదే, కానీ ఫొటోలో పచ్చగా కనిపించినంత మాత్రాన లోపల చల్లగా ఉన్నట్టు కాదు. చెత్త అసలు పోయకూడదు, తగలబెట్టకూడదు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సెంట్రేలియా అనే ఊళ్లో 1962లో పాత గని గుంతలో చెత్తకు పెట్టిన నిప్పే బొగ్గు పొరకు పాకిందంటారు, చివరికి ఊరు దాదాపుగా ఖాళీ అయింది.

బొగ్గు ఏరుకోవడానికి డంపు ఎక్కేవాళ్లకు ఒక మాట. పైన గట్టిగా కనిపించే నేల కింద అంతా కాలి బోలుగా ఉండొచ్చు, కాలు దిగబడితే నిప్పుల్లోకే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగితే వెంటనే దిగిపోండి. వాన వెలిశాక ఒక్కచోటే ఆవిరి లేస్తున్నా, గంధకం వాసన వస్తున్నా గనివాళ్లకు చెప్పండి. వాళ్లు థర్మల్ కెమెరాతో చూడాలి, అదీ తెల్లవారకముందే, ఎండ పడితే గుట్టంతా వేడిగానే కనిపిస్తుంది.