చైన్‌సా మిల్లు సరే, నిచ్చెన ఏదండీ?

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ చైన్‌సా మిల్లు, అదే, దుంగని చెక్కలుగా కోయడానికి చైన్ రంపానికి బిగించే ఫ్రేమ్, నేను కొన్నది కాదు. అమ్మేవాళ్ళు ఊరికే పంపి వీడియో చేయమన్నారు. సైజు, బరువు, రేటు ఇక్కడ చదవను.

పోయిన గాలివానకి మా పెరట్లో వేపచెట్టు పడింది. దుంగని సామిల్లుకి పంపుదామంటే మా సందులోకి ట్రాక్టర్ రాదు. సరే, రంపమే దుంగ దగ్గరికి వస్తుంది కదా అనుకున్నా.

ఇక నా బాధ వినండి. ఫస్ట్ కోత. ఈ ఫ్రేమ్ చదునుగా ఉన్న దాని మీదే జరుగుతుంది. రెండో కోత నుంచి ఇబ్బంది లేదు, ముందు కోసిన చెక్క ముఖమే దారి. కానీ గుండ్రటి దుంగకి మొదట్లో చదును ఎక్కడుంటుంది? దాని మీద నిచ్చెనో, తిన్నటి పట్టాలో బిగించాలి. డబ్బాలో అవి లేవు! మా ఇంటి వెదురు నిచ్చెన కట్టా. నడుమ అర అంగుళం కుంగింది. నిచ్చెన ఎలా వంగిందో చెక్క అలాగే వంగింది. దాని మీద కోసిన రెండోదీ అంతే, మూడోదీ అంతే. మూడు చెక్కలూ ఊయల బల్లల్లా వచ్చాయి. చివరికి పక్కింటి పెయింటర్ బాబాయి దగ్గర అల్యూమినియం నిచ్చెన తెచ్చి, ఆ వంకరంతా చెక్కేసి మళ్ళీ మొదలుపెట్టా.

చైన్ గురించి ఒక్కమాట. రంపంతో వచ్చేది అడ్డంగా నరికే చైన్, పళ్ళు 30 డిగ్రీల కోణంలో ఉంటాయి. నిలువు కోతకి 10 డిగ్రీలది కావాలి. ఇంతకుముందు రంపాన్ని తిన్నగా నడిపే ఒక చిన్న గైడు కొని పాత చైన్‌తోనే లాగించా. పొట్టు పిండిలా వచ్చింది, ఇంజిన్ పొగలు కక్కింది. ఈసారి చైన్ మార్చాక కోత నున్నగా వస్తోంది, చూడండి. అయినా నా రంపం ఇంజిన్ 58 సీసీ. 16 అంగుళాల దుంగకే ఆయాసపడుతోంది. రెండడుగుల చేవ మానుకి 90 సీసీ లాంటిదే కావాలి. బార్, అంటే చైన్ తిరిగే పట్టీ, అది కూడా పొడుగ్గా తీసుకోండి, ఫ్రేమ్ బిగింపులకే మూడు నాలుగు అంగుళాలు పోతుంది.

ఇంకోటి. ఒక్కో కోతకి ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టైపోతుంది. అంగుళం చెక్కలు కోస్తే, మూడు కోతలకి ఒక చెక్క నేలపాలు. టేకుకైతే నేను వాడను. సామిల్లు బ్యాండ్ రంపం ఇంత తినదు. రెండు అంగుళాల బల్లలకైతే సై.

అన్నట్టు, మిల్లు చేతికొచ్చింది కదా అని నిలబడ్డ చెట్టు మీదకి వెళ్ళకండి. 2002 నుంచి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, ముందు పర్మిషన్ సంగతి కనుక్కోండి. పాత వేపల్లో మేకులుంటాయి, అదీ చూసుకోండి. నాకు ఒకటి తగిలింది, చైన్ పళ్ళన్నీ మళ్ళీ ఆకురాయి పట్టా.

కొనాలా అంటే... ఫ్రేమ్ గట్టిది, మందం కొలత జారలేదు. నాకు నచ్చింది. కానీ పట్టాలు లేకుండా అమ్మడం, చక్రాలు లేని బండి అమ్మినట్టే. వాటితో కలిపి ఇస్తేనే తీసుకోండి. "నిచ్చెన కూడా పంపండి" అని వాళ్ళకి వాట్సాప్ పెట్టి నాలుగు రోజులైంది. టిక్కులు నీలం అయ్యాయి, జవాబు మాత్రం లేదు.