పుస్తకాల మేళాకు వెళ్లే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాలు చాలా ఉన్నాయి. 50 రాష్ట్రాల్లోనూ అది చట్టబద్ధమే. వసంతం వచ్చిందంటే ఆ ఇళ్లలో ఒకటే హడావుడి, పాఠ్యపుస్తకాల మేళాలు మొదలవుతాయి. కరికులమ్ ఫెయిర్ అంటారు. పెద్ద హాలు, వరసగా స్టాళ్లు, లెక్కలు, సైన్సు, చరిత్ర, లాటిన్. ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా కొనేయాలనిపిస్తుంది. పైగా ప్రతి స్టాల్ వెనకా నవ్వుతూ ఒకరు నిలబడి ఉంటారు.

కథోలిక తల్లిదండ్రులకు ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. కథోలికుల కోసమే పెట్టే మేళాలు వేరు. వర్జీనియాలోని ఫ్రంట్ రాయల్‌లో ఉన్న సెటన్ హోమ్ స్టడీ స్కూల్ లాంటి సంస్థలు కథోలిక విశ్వాసానికి తగిన పాఠాలు ఇస్తాయి. అందరూ వచ్చే క్రైస్తవ మేళాల్లో మాత్రం ఎక్కువ పుస్తకాలు ప్రొటెస్టెంట్ ప్రచురణకర్తలవే. అట్ట మీద 'క్రిస్టియన్' అని ఉంటే మన కథోలికులదే అనుకుంటాం. అక్కడే ఆగాలి.

ఎందుకో చెప్తాను. ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడనుకోండి. వాళ్లమ్మ మేళాలో ఒక బైబిలు పాఠాల పుస్తకం కొంది. రంగురంగుల బొమ్మలు, చక్కటి అచ్చు. అందులో పది ఆజ్ఞలు వరసగా కంఠస్థం చేయించింది. వాడూ బుద్ధిగా నేర్చుకున్నాడు. తర్వాత మొదటి పాపసంకీర్తనం రోజు, అంటే గురువు ముందు తన తప్పులు ఒప్పుకునే రోజు వచ్చింది. ఫాదర్ ముందు మోకరించి, చాలా సీరియస్‌గా, "ఫాదర్, నేను ఐదో ఆజ్ఞ మీరాను. ఈ వారంలో చాలాసార్లు మీరాను" అన్నాడు. పాపం, ఆ ఫాదర్ పరిస్థితి ఆలోచించండి! కథోలికుల లెక్కలో ఐదో ఆజ్ఞ 'నరహత్య చేయరాదు'. పిల్లవాడి ఉద్దేశం మాత్రం 'తల్లిదండ్రులను గౌరవింపుము'. వాళ్లమ్మ మాట వినలేదన్నమాట, అంతే!

ఇది నేను అల్లిన ముచ్చటే గానీ, అంకెల తేడా నిజం. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఆజ్ఞలున్నాయి కానీ పక్కన నంబర్లు లేవు. విగ్రహాల మాటను కథోలికులు మొదటి ఆజ్ఞలోనే కలుపుతారు. చాలామంది ప్రొటెస్టెంట్లు దాన్ని రెండోదిగా విడదీస్తారు. దాంతో అక్కడి నుంచి అన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. పరుల భార్యను, పరుల సొత్తును ఆశించరాదని మనం తొమ్మిదీ పదీ అని విడదీసి చెప్పే ఆజ్ఞలు వాళ్లకు ఒకటే. ప్రొటెస్టెంట్లలోనే లూథరన్లు మాత్రం మనలాగే లెక్కపెడతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఇంట్లో ఒక లెక్క, విచారణలో, అంటే మన చర్చిలో, సత్యోపదేశం (మతబోధ) క్లాసులో ఇంకో లెక్క అయితే తికమకపడేది పిల్లవాడే.

అందుకే నా సలహా ఒక్కటే. మతబోధ పుస్తకం ఏది చేతిలోకి తీసుకున్నా ముందు పది ఆజ్ఞల పేజీ తెరవండి. బొమ్మలు తర్వాత చూడొచ్చు, ధర తర్వాత చూడొచ్చు. ముందు పది ఆజ్ఞల పేజీ. ఐదోది ఏమిటో చూస్తే ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో చాలావరకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత మొదటి పేజీల్లో ఇంప్రిమాటుర్ ఉందేమో వెతకండి. అది పీఠాధిపతి, అంటే బిషప్, ఇచ్చే అచ్చు అనుమతి. విశ్వాసానికి విరుద్ధమైనది అందులో లేదని దాని అర్థం, పాఠం బాగా చెప్పారని కాదు. బాగుందో లేదో మీరే చదివి చూసుకోవాలి. బైబిలు కొంటుంటే విషయసూచికలో తోబితు, యూదితు, మక్కబీయులు ఉన్నాయో లేదో చూడండి. కథోలిక బైబిలులో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ బైబిలులో 66. చరిత్ర పుస్తకమైతే నేరుగా 16వ శతాబ్దానికి వెళ్లండి. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ గురించి, పోపుగారి గురించి ఏ స్వరంతో రాశారో ఒక్క పేజీలో తెలుస్తుంది.

లెక్కల పుస్తకానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు. భాగహారానికి మతం లేదు. పిల్లవాడికి అర్థమైతే చాలు.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: పిల్లవాడు ఇప్పటికి ఎంతవరకు వచ్చాడు, మీ రాష్ట్రం ఏమడుగుతుంది, ఎంత ఖర్చు పెట్టగలరు. పెన్సిల్వేనియాలో ఏటా పిల్లవాడి పని చూపించి మూల్యాంకనం చేయించాలి. న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. టెక్సస్‌లో రాష్ట్రానికి తెలియజేయాల్సిన పని కూడా లేదు. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉండేవాళ్ల లిస్టు మీకు పనికిరాకపోవచ్చు. పిల్లవాడి పాత నోటుబుక్కు ఒకటి వెంట తీసుకెళ్లండి. "మూడో తరగతి" అని నోటితో చెప్పడం కంటే ఆ నోటుబుక్కు చూపిస్తే స్టాల్‌లో వాళ్లు సరైన పుస్తకం చూపించగలరు.

పాత పుస్తకాలు అమ్మేచోట వర్క్‌బుక్కు కొనేటప్పుడు చివరి పేజీల దాకా తిరగేయండి. మొదటి నాలుగు పేజీలు తెల్లగా ఉండి, లోపల జవాబులన్నీ రాసేసి ఉండొచ్చు. టీచర్ పుస్తకం సెట్‌లోనే ఉందా, విడిగా కొనాలా అని కూడా డబ్బు ఇచ్చే ముందే అడగండి.

సెలవు. నమస్కారం.