వానకాలం తొవ్వలు, పెద్దమనిషి క్లచ్: బావ బామ్మర్ది పాడ్‌కాస్ట్

బామ్మర్ది: నమస్తే అందరికీ. దేవరకొండ నుంచి మళ్ళీ మేమే. ఈసారి వానకాలం తొవ్వలు. ఇక్కడి నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఒకటి, రాచకొండ గుట్టల్లో ఒకటి, సోమశిల వైపు ఒకటి. మూడూ చెప్పి తీరాలని కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. బావా, ఈ కాగితం దాటి పోవద్దు.

బావ: నేనెక్కడికి పోతాను?

బామ్మర్ది: డిండి ఎపిసోడ్ విన్నవాళ్ళకు తెలుసు.

బావ: డిండిలో చేపలున్నాయి, దాని లెక్క వేరు. కానీయ్.

బామ్మర్ది: మొదటిది. దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము, చివరికి వైజాగ్ కాలనీ. అక్కడ నిలబడితే ఎదురుగా సాగర్ బ్యాక్‌వాటర్. తారు రోడ్డు మీద ఎవరైనా పోతారు. మనకు కావాల్సింది చేన్ల పక్కన పోయే ఎడ్లబండి బాటలు. ఎర్ర చెలక అయితే భయం లేదు, వాన వెలిసిన కాసేపటికే నీళ్ళు ఇంకిపోయి టైరుకు పట్టు దొరుకుతుంది. మధ్యలో నల్లరేగడి తగిలిందా...

బావ: రేగడి అంటే మనతో రైడ్‌కు వచ్చిన దోస్తు, అదే మన పెద్దమనిషి, వాడి క్లచ్ యాదికొస్తుంది.

బామ్మర్ది: అయిపోయింది. కాగితం పక్కన పెడుతున్నా.

బావ: అట్లా కాదు. ట్రాక్టర్ ట్రాలీలో బండి ఎక్కిన ఫోటో పెట్టింది నువ్వే. ఏమైందని అందరూ అడుగుతున్నారు. చెప్పకపోతే ఎట్లా?

బామ్మర్ది: చెప్పు. కానీ వాడి తప్పే అని మొదలుపెట్టకు.

బావ: జరిగింది చెప్తా. పత్తి చేన్ల నడుమ బాట. ముందురోజు రాత్రి గట్టి వాన. టైరుకు అంటుకున్న రేగడి మడ్‌గార్డు కింద మెత్తి, మెత్తి, చివరికి వెనక చక్రం కదలకుండా పట్టేసింది. వాడు ఫస్ట్ గేర్‌లోనే ఉన్నాడు. క్లచ్ సగం వదిలి ఎక్సలేటర్ తిప్పుతున్నాడు. ఇంజిన్ అరుస్తోంది, చక్రం మాత్రం కదలదు. కాసేపటికి క్లచ్ పూర్తిగా వదిలేశాడు. నేను పక్కనే ఉన్నా. గేర్‌లో ఉన్న బండి, చక్రం బిగుసుకుని ఉంది, క్లచ్ మొత్తం వదిలేశాడు. ఇంజిన్ ఆగిపోవాలి కదా? ఆగలేదు. హాయిగా తిరుగుతోంది. అప్పుడు నా గుండె జారింది. ఆ వెంటనే వాసన.

బామ్మర్ది: ఆ వాసన ఇప్పటికీ నా జాకెట్‌లో ఉంది.

బావ: ఇంజిన్ తిరుగుతుంటే, చక్రం ఆగి ఉంటే, ఆ తేడా అంతా ఎక్కడ కాలాలి? క్లచ్ ప్లేట్ల మధ్యనే. మన బండ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, వేడిని ఆ నూనె తీసుకుపోతుంది. కానీ దానికీ ఒక లెక్క ఉంది. బండి కదలడం లేదు, ఇంజిన్‌కు గాలి తగలడం లేదు. ఆ నూనె మాత్రం ఎంతని మోస్తుంది?

బామ్మర్ది: ఇక్కడే నీతో నాకు పేచీ. ఈ మాట విన్నవాళ్ళు హాఫ్ క్లచ్ అంటేనే భయపడతారు. హాఫ్ క్లచ్ లేకుండా ఆఫ్‌రోడ్ ఎక్కడుంది బావా? రాచకొండలో గుండ్ల మధ్య ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్ కూడా ఎక్కువ స్పీడే. రెండు వేళ్ళు లివర్ మీద, కుడికాలు వెనక బ్రేకు మీద, అట్లా పట్టీ పట్టనట్టు పోతేనే బండి నీ మాట వింటుంది. రోడ్డు మీద నేర్పే పాఠం గుట్ట మీద పనికిరాదు.

బావ: నేను కాదన్నానా?

బామ్మర్ది: అంటూనే ఉన్నావు. పోయిన వానకాలం నుంచి.

బావ: సరిగ్గా విను. చక్రం తిరుగుతుంటే హాఫ్ క్లచ్ పట్టు. గుండు ఎక్కేదాకా పట్టు, దిగేటప్పుడు వదులు, మళ్ళీ పట్టు. మధ్యమధ్యలో ప్లేట్లకు ఊపిరి దొరుకుతుంది. చక్రం ఆగిపోయాక కూడా పట్టుకుని ఎక్సలేటర్ తిప్పితే అది రైడింగ్ కాదు. నేను చెప్పేది అంతే.

బామ్మర్ది: రేగడిలో ఇరుక్కున్నవాడికి ఆ క్షణంలో ఎట్లా తెలుస్తుంది?

బావ: లివర్ చెప్తుంది. ప్లేట్లు బాగా వేడెక్కితే ఉబ్బుతాయి, లివర్‌కు ఉండే ప్లే, అంటే కేబుల్ బిగిసేముందు ఉండే ఖాళీ కదలిక, పెరుగుతుంది. అంటే లివర్ వదులైనట్టు అనిపిస్తుంది, ఎంత నొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ దొరకదు. అది వేళ్ళకు తెలియాలి. అప్పుడే ఇంజిన్ ఆపి దిగిపోవాలి. కానీ చాలామంది ఏం చేస్తారు? లివర్ వదులైందని అక్కడికక్కడే అడ్జస్టర్ తిప్పి కేబుల్ బిగిస్తారు. చల్లారాక ప్లేట్లు మామూలుగా అవుతాయి, ప్లే అసలే మిగలదు, ఇక రోజంతా స్లిప్పే, ప్లేట్లు పట్టకుండా జారడమే. వేడి మీద బిగిస్తే చల్లారాక మళ్ళీ వదులు చేయాలి. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

బామ్మర్ది: ఇది మంచి మాట. వాడు కూడా బిగించాడు కదా?

బావ: నువ్వే అన్నావు వాడి తప్పు ఎత్తొద్దని.

బామ్మర్ది: సరే సరే.

బావ: ఇంకొకటి చెప్పాలి. మేం ఐదుగురం నిలబడి ఆ బండి చుట్టూ చూస్తున్నామా, ఒక పెద్దాయన టీవీఎస్ ఎక్సెల్ మీద...

బామ్మర్ది: వచ్చింది ఎక్సెల్! రాలేదేంటా అని చూస్తున్నా.

బావ: ...ముందు యూరియా బస్తా పెట్టుకుని, గడ్డి ఉన్న అంచు పట్టుకుని, మా పక్క నుంచే పోయాడు. అదే బాట. అదే బురద. ఆ బండికి చేతి క్లచ్చే లేదు. ఇంజిన్ వేగం పెరిగితే లోపలి షూలు బయటికి జరిగి డ్రమ్మును పట్టుకుంటాయి, వేగం తగ్గితే వదిలేస్తాయి. గేర్లు లేవు, లివర్ లేదు, తెగడానికి కేబుల్ లేదు.

బామ్మర్ది: ఆ షూలు మాత్రం కాలవా? ఆగిన చక్రం మీద ఎక్సలేటర్ తిప్పితే ఎక్సెల్ క్లచ్ అయినా అదే గతి.

బావ: కాలతాయి. కానీ ఆయన తిప్పడు. ఇరుక్కుంటే దిగుతాడు, పుల్లతో మట్టి గీకుతాడు, తోసుకుంటూ పోతాడు.

బామ్మర్ది: ఒప్పుకున్నా. ఇది మాత్రం ఒప్పుకున్నా.

బావ: మన పెద్దమనిషి బండిని మర్నాడు విప్పించాం. ఆయిల్ తీస్తే నల్లగా, కాలిన వాసన. స్టీలు ప్లేట్లు నీలంగా మారాయి. మెకానిక్ ఒక్కో స్టీలు ప్లేటును అద్దం ముక్క మీద పెట్టి వేలితో ఒక అంచు నొక్కాడు. టక్కుమని రెండో అంచు లేచింది. వంకరపోయింది అన్నమాట. మిగతా ప్లేట్ల మీద పట్టు కోసం అంటించిన లైనింగ్ అద్దంలాగా మెరుస్తోంది. అట్లా మెరిసిందంటే ఇక పట్టు ఉండదు. మొత్తం సెట్టు, స్ప్రింగులతో సహా మార్చాం. కొత్త ప్లేట్లను రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి పొద్దున బిగించాడు. పొడిగా బిగిస్తే మొదట్లోనే కాలిపోయే ప్రమాదం ఉంది.

బామ్మర్ది: బాస్కెట్ సంగతి చెప్పు.

బావ: ఆ, ప్లేట్లు కూర్చునే బాస్కెట్ వేళ్ళ మీద గాట్లు పడతాయి. ప్లేట్ల అంచులు కొట్టీ కొట్టీ పడిన గాట్లు. వాటిలో ప్లేటు ఇరుక్కుంటే క్లచ్ జర్కులు కొడుతుంది. కొద్దిగా ఉంటే ఆకురాయితో సాపు చేస్తారు, లోతుగా ఉంటే బాస్కెట్ మార్చాల్సిందే. కొత్త ప్లేట్లు వేసినా బండి జర్కు కొడుతోందనే వాళ్ళు ఇది చూపించుకోండి.

బామ్మర్ది: వనపర్తి నుంచి ఒకరు అడిగారు, ప్లేట్లు పోయాయో లేదో ఇంటి దగ్గరే ఎట్లా తెలుస్తుందని. బండి స్టార్ట్ చేసి, ముందు బ్రేకు గట్టిగా పట్టి, మూడో గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే ప్లేట్లు పట్టుకుంటున్నట్టే. ఆగకుండా తిరుగుతుంటే స్లిప్. రోడ్డు మీద అయితే టాప్ గేర్‌లో ఎక్సలేటర్ ఇవ్వండి. ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే అదే రోగం. ముందు లివర్ దగ్గర ప్లే ఉందో లేదో చూసుకున్నాకే ఇవన్నీ.

బావ: కేబుల్ తెగితే ఏం చేయాలో కూడా చెప్పు. ప్లేట్ల కన్నా కేబులే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

బామ్మర్ది: కేబుల్ ఒక్కసారిగా తెగదు. లివర్ దగ్గర, నిపుల్ అంటే కేబుల్ కొసన ఉండే గుండు పక్కనే, ఒక్కొక్క పోగూ తెగుతూ వస్తుంది. రబ్బరు తొడుగు వెనక్కి జరిపి చూడండి, ఒక్క పోగు లేచి ఉన్నా మార్చేయండి. స్పేర్ కేబుల్ బ్యాగులో కాదు, పాత కేబుల్ వెంబడే కొత్తది కూడా లాగి, రెండు కొసలూ టేపు చుట్టి పెట్టుకోండి. అడవిలో ట్యాంకు విప్పే పని తప్పుతుంది.

బావ: స్పేర్ లేకపోతే?

బామ్మర్ది: న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, పరుగెత్తిస్తూ తోసి, ఎక్కి ఫస్ట్ గేర్ తన్నడం. ఒక కుదుపు వస్తుంది, అంతే. దిగువ వైపు ఉంటే ఇంకా సులువు. పైకి గేర్ మార్చాలంటే ఎక్సలేటర్ ఒక్క క్షణం మూసి కాలితో లేపడమే, క్లచ్ అక్కర్లేదు. ఆగేటప్పుడు ముందే న్యూట్రల్‌కు రావాలి, రాకపోతే కిల్ స్విచ్. ఊళ్ళోకి వచ్చాకే కష్టం, గేదెలు అడ్డం వస్తాయి.

బావ: ఎక్సెల్‌కు ఈ బాధే లేదు.

బామ్మర్ది: బావా.

బావ: నిజం చెప్తున్నా. సరే, ఇంకొక మాట. ఇది కొంచెం కోపంగానే చెప్తున్నా. ఆ రోజు పక్కన పత్తి చేను ఉంది కదా. బాట బాగాలేదని మన వెనక వచ్చిన ఇద్దరు చేన్లోకి దించారు. మొలకెత్తిన పత్తి. విత్తనానికి, దున్నకానికి ఆ రైతు అప్పు తెచ్చి ఉంటాడు. నేను వాళ్ళను అక్కడే తిట్టాను, మళ్ళీ తిడతాను. బాట లేకపోతే వెనక్కి తిరగాలి. మన ఆట కోసం ఎవడి చేనో తొక్కొద్దు.

బామ్మర్ది: అవును. నేను కూడా అదే చెప్పాను వాళ్ళకు. మళ్ళీ మన రైడ్‌కు రావద్దని.

బావ: ట్రాలీలో బండి ఎక్కించిన పిల్లగాడు దమ్ము పని ఆపుకుని వచ్చాడు. డీజిల్ పైసలు కూడా తీసుకోలేదు. అట్లాంటి ఊళ్ళ నుంచి పోతున్నాం మనం.

బామ్మర్ది: ...సరే. మిగిలిన రెండు తొవ్వలు చెప్పేస్తా. రాచకొండ: సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి ఎక్కాలి. అంతా గుండ్లు, గులకరాళ్ళు, పాత కోట గోడలు. ఇక్కడ బురద భయం తక్కువ, కానీ ఇంజిన్ అడుగున రాళ్ళు తగలకుండా కాపాడే సంప్ గార్డు లేకుండా పోవద్దు. సోమశిల: కొల్లాపూర్ దాకా మంచి రోడ్డు, ఆ తర్వాత కృష్ణ ఒడ్డు పొంట మట్టి బాటలు. సాయంత్రం ఆ నీళ్ళు చూడాలి.

బావ: అచ్చంపేట వైపు ఎవరైనా అడిగితే?

బామ్మర్ది: మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డు మీద పోవచ్చు, అది కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. రోడ్డు దిగి అడవి బాటల్లోకి బండి దించొద్దు. చెంచుల పెంటల, అంటే వాళ్ళ గూడేల, దగ్గరికి సైలెన్సర్ మోత తీసుకుపోవడం నాకు అసలే నచ్చదు.

బావ: అడవి బాట కావాలంటే అటవీ శాఖ సఫారీ ఉంది, దాంట్లో పోండి. ఆగు, ఆయిల్ సంగతి మర్చిపోయాం. క్లచ్ స్లిప్ అని కంప్లైంట్ చేసే వాళ్ళలో కొందరికి ప్లేట్లు బాగానే ఉంటాయి, ఆయిల్ తప్పు. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తారు. రాపిడి తగ్గించే మందులు కొన్ని కారు ఆయిల్స్‌లో కలుపుతారు. ఇంజిన్‌కు మేలే, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు చేటు. డబ్బా వెనక బైకు ఆయిల్ ప్రమాణం జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో చూడండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు.

బామ్మర్ది: మరి నీ ఎక్సెల్‌కు ఏది పోస్తారు?

బావ: దానికి కంపెనీ బుక్‌లో ఏం రాశారో అదే. మా నాయన బండి బుక్ ఇంకా ఇంట్లో ఉంది, తెస్తా ఉండు...

బామ్మర్ది: ఇప్పుడా? రికార్డింగ్ నడుస్తోంది.

బావ: ఒక్క నిమిషం.

బామ్మర్ది: బావా, అక్క ఫోన్ చేస్తోంది. నీకే. బోరు మోటర్ ఆపలేదట.

బావ: ఆపలేదా? అయ్యో, మడి మొత్తం నిండిపోయి ఉంటుంది. బండి తాళం ఏది?

బామ్మర్ది: నా బండి తీసుకుపో. క్లచ్ లివర్ కొంచెం గట్టిగా ఉంది, చూసుకో.