వేలు మట్టిలో పెట్టించే యాప్: కొత్తగా కూరగాయలు పెంచేవారి కోసం ఒక రూపకల్పన

[దృశ్యం: నారు ట్రే. కెమెరా ఒక్క టమాటా మొలకకు బాగా దగ్గరగా వెళ్తుంది.]

వ్యాఖ్యాత: ఈ మొలకను కాస్త నిదానంగా చూడండి. పైనున్న రెండు ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కానీ మట్టిని ఆనుకున్న చోట కాండం దారంలా సన్నబడి, నీళ్లలో నానినట్లు గోధుమ రంగుకు తిరిగింది. కొద్ది గంటల్లో ఇది పక్కకు ఒరిగిపోతుంది. దీనిని నారుకుళ్ళు తెగులు అంటారు. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవుల వల్ల ఇది వస్తుంది. ఎప్పుడూ తడి ఆరని మట్టి, గాలి ఆడని చోటు వాటికి బాగా కలిసివస్తాయి. ఈ ట్రేకు రోజూ తప్పకుండా నీళ్లు పోసిన మనిషి ఎంతో శ్రద్ధగల మనిషే. ఫోన్ గుర్తు చేసిన ప్రతిసారీ ఆ మనిషి నీళ్లు పోశారు.

తోటపని యాప్ అనగానే రూపకర్తలకు మొట్టమొదట తట్టేది అలా గుర్తు చేసే గంటే: ఉదయం ఏడు గంటలు, నీళ్లు పోయండి. మట్టికి మాత్రం గడియారంతో పని లేదు. కుండీ ఎంత పెద్దది, మట్టిదా ప్లాస్టిక్‌దా, ఎండ ఎంత, గాలి ఎంత, మొక్క ఏ వయసుది అన్నవన్నీ కలిసి తేమ ఎప్పుడు తగ్గుతుందో నిర్ణయిస్తాయి. పూత పూయని మట్టికుండీ గోడల గుండా కూడా నీరు ఆవిరైపోతుంది కనుక, ఒకే రోజు తడిపిన రెండు కుండీలు ఒకే రోజు ఆరవు.

[దృశ్యం: ఫోన్ తెరపై ఒక సూచన. పక్కనే మట్టిలోకి దిగుతున్న చూపుడు వేలు.]

అందువల్ల ఆ సూచనను ఆజ్ఞగా కాక ప్రశ్నగా రాయాలని నా గట్టి అభిప్రాయం. "వేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలో గుచ్చి చూడండి" అని యాప్ అడగాలి, కింద మూడు జవాబులు చూపాలి: మట్టి వేలికి అంటుకుంది, చల్లగా ఉంది కానీ అంటలేదు, పొడిగా రాలిపోయింది. మూడవ జవాబు వచ్చినప్పుడే నీళ్ల మాట ఎత్తాలి. లోతు లేని నారు ట్రేకు వేలు పనికిరాదు కాబట్టి, దానిని చేత్తో ఎత్తి బరువు చూడమనాలి. తడిసిన ట్రేకూ ఆరిన ట్రేకూ ఉన్న తేడా రెండు మూడు సార్లకే చేతికి తెలిసిపోతుంది. జవాబులు కూడిన కొద్దీ ఆ కుండీ ఎన్నాళ్లకు ఆరుతుందో యాప్‌కు అర్థమవుతుంది, ప్రశ్నలు తగ్గించుకోవచ్చు.

ఎండ సంగతి కూడా ఇలాంటిదే. "మీ స్థలంలో పూర్తి ఎండ ఉందా?" అని అడిగితే, కొత్తవారు వెలుతురును ఎండగా భావించి అవునని చెప్పేస్తారు. దానికి బదులు ఒకే చోటును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఫోటో తీయించి, నీడ ఎక్కడ పడిందో వారి చేతనే గుర్తు పెట్టించాలి. కాయలు కాసే టమాటా వంటి వాటికి రోజుకు కనీసం 6 గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలు అంతకంటే తక్కువతోనూ సర్దుకుంటాయి. తొలి పంటగా నేనైతే ముల్లంగిని సూచిస్తాను, ఎందుకంటే త్వరగా కోతకు వచ్చే రకాలు నాలుగు వారాల్లోనే చేతికొస్తాయి.

[దృశ్యం: రెండు వారాల ఉష్ణోగ్రతల పట్టిక, ఒక్కో రోజు గడి నిండుతూ ఉంటుంది.]

ఇక్కడ కాస్త లెక్క అవసరం. విత్తనం ప్యాకెట్ మీద రోజుల సంఖ్య ఉంటుంది, కానీ మొక్క లెక్కపెట్టుకునేది వెచ్చదనాన్ని. టమాటా విత్తనం 25 డిగ్రీల మట్టిలో సుమారు 6 రోజులకు మొలకెత్తితే, 15 డిగ్రీల వద్ద దాదాపు 14 రోజులు తీసుకుంటుంది. కనుక ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి ఆ పంట ఎదుగుదల ఆగిపోయే స్థాయిని, ఉదాహరణకు 10 డిగ్రీలను, తీసివేసి రోజురోజుకూ కూడుతూ పోవాలి. 30, 20 డిగ్రీలున్న రోజు ఈ లెక్కన 15 వెచ్చదనపు యూనిట్లు ఇస్తుంది. 20, 12 డిగ్రీలున్న రోజు 6 మాత్రమే ఇస్తుంది. చల్లని వారంలో పంట ఆలస్యమైనప్పుడు యాప్ ఈ కారణం చూపగలిగితే, మొలక రాలేదని కంగారుపడి మట్టి తవ్వి చూసేవారు ఆగుతారు.

తెగుళ్లను ఫోటోతో గుర్తించే సదుపాయం విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 2016లో ప్లాంట్‌విలేజ్ చిత్రాల సముదాయంతో జరిగిన ఒక పరిశోధనలో, 54,000కు పైగా ఆకుల ఫోటోలతో తెగుళ్లను గుర్తించడం నేర్పిన కంప్యూటర్ నమూనా అదే సముదాయం నుంచి విడిగా ఉంచిన చిత్రాల మీద 99.35 శాతం సరిగా గుర్తించింది. వేరే పరిస్థితుల్లో తీసిన చిత్రాలు ఇస్తే ఆ కచ్చితత్వం సుమారు 31 శాతానికి పడిపోయింది. కుండీ పక్కన వంకరగా నిలబడి తీసే ఫోటో ఈ రెండవ రకానిదే. కాబట్టి ఫోటో తీయించే ముందే యాప్ అడగాలి: పసుపు రంగు ముదురు ఆకులతో మొదలైందా, లేత ఆకులతోనా? ముదురు ఆకులు ముందు పాలిపోతే నత్రజని లోపాన్ని అనుమానించవచ్చు, ఎందుకంటే మొక్క ఆ పోషకాన్ని పాత ఆకుల నుంచి కొత్త చిగుళ్లకు తరలించుకోగలదు. ఇనుమును అలా తరలించలేదు, అందుకే ఆ లోపం లేత ఆకుల్లో, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోయినట్లుగా కనిపిస్తుంది. అయితే వేళ్లు నీటిలో మునిగి ఉన్నా ఆకులు పసుపు తిరుగుతాయి కనుక, ఎరువు మాట చెప్పే ముందు మళ్లీ ఆ వేలి ప్రశ్నే అడగాలి.

[దృశ్యం: ఒరిగిపోయిన మొలక. ఫోన్ తెరపై "మొక్క చనిపోయింది" అన్న మీట.]

ఈ మీటను ఎక్కడో లోపలి పేజీల్లో దాచకూడదు. దానిని నొక్కినవారిని, కాండం మట్టి దగ్గర సన్నబడిందా, మట్టి తడిగా ఉందా అని యాప్ అడగాలి. రెండింటికీ అవునంటే నారుకుళ్ళు కావచ్చని చెప్పి, పాత మట్టిని పక్కన పెట్టి, కడిగిన ట్రేలో కొత్త మట్టి నింపమని సూచించాలి. ఆ వెంటనే, ఈ కాలంలో మిగిలిన వెచ్చదనంతో టమాటా మళ్లీ కాపుకు రాగలదా అన్నది లెక్కగట్టి, విత్తడానికి ఇంకా ఎన్ని రోజుల గడువుందో అదే తెరపై చూపాలి.