ఆ ఆవు రాత్రి పడుకుందా?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరు పేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ చెప్పాల్సింది చాలా ఉంది, ఇచ్చిన సమయం తక్కువ. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, స్వీకరించండి. ఇక్కడ పశువైద్యం చదువుతున్న పిల్లలున్నారు, పశువుల్ని పెంచుతున్నవాళ్ళున్నారు. నేను మాట్లాడబోయేది ముఖ్యంగా మీతోనే.

‘పశువుల సంక్షేమం, ప్రవర్తన: పరిశోధనలు’ అని విషయం ఇచ్చారు. చరిత్ర, కొలతలు, ఆచరణ అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను కూడా. మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న. ఆవు పడుకోవడం మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు మీలో ఎంతమంది? పడుకుని ఉన్న ఆవుని కాదు, పడుకుంటున్న ఆవుని. చేతులెత్తండి.

ఆరేడు చేతులు కనిపిస్తున్నాయి. వాటిలో ఐదు పశువుల దగ్గర పనిచేసేవాళ్ళవే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా ఇదే అడిగి ఉంటే నా చెయ్యి కూడా లేచేది కాదు.

సరే, చెప్తాను, కళ్ళు మూసుకుని ఊహించుకోండి. ముందు మోర నేలకి ఆనించినంత దగ్గరగా తెచ్చి వాసన చూస్తుంది. తల అటూ ఇటూ తిప్పుతుంది. ఒక ముందుకాలు మడిచి మోకాలు మీద ఆనుతుంది, వెంటనే రెండోది. ఐదారు వందల కిలోల జంతువు ఆ క్షణంలో మోకాళ్ళ మీద నిలబడినట్టే ఉంటుంది, నడుం ఇంకా పైనే ఉంటుంది. ఆ తర్వాత వెనక భాగం ఒక పక్కకి వాలుతుంది. లేచేటప్పుడు వరస మారుతుంది. మెడ సాచి తలను బలంగా ముందుకు విసురుతుంది, ఆ ఊపుతో వెనక భాగం లేస్తుంది, ముందుకాళ్ళు ఆఖరున లేస్తాయి. ఆ విసురుకి ముందు ఖాళీ కావాలి. గుర్రం ముందుకాళ్ళు ముందు లేపుతుంది. మీ కొట్టంలో ఆవు గుర్రంలా లేస్తోందంటే దాని తల ముందుకి వెళ్ళే చోటు లేదని అర్థం.

ఇప్పుడు ఆ ఆవు సంగతి చెప్పాలి. మూడు భాగాల్లో ఇది లేదు. కానీ ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

పెద్ద డెయిరీ అది. పాలు తగ్గిపోతున్నాయని ఒక ఆవు కోసం నన్ను పిలిచారు. ఉష్ణోగ్రత చూశాను, నాడి చూశాను, పొదుగు నొక్కి చూశాను, పేడ పరీక్ష చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. కేస్ షీట్‌లో ‘సాధారణం’ అని రాశాను. నట్టల మందు తాగించాను, ఖనిజ లవణాలు ఇచ్చాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ‘సాధారణం’. అక్కడ పేడ ఎత్తే పెద్దావిడ ఒకావిడ రెండోసారే నాతో అంది: “డాక్టరు గారూ, ఇది రాత్రిళ్ళు పడుకోవడం లేదండీ.” విన్నాను. తల ఊపాను. రాయలేదు. రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు మరి. ఉష్ణోగ్రతకి గడి ఉంది, శ్వాసకి ఉంది, నెమరుకి ఉంది. పడుకోవడానికి లేదు.

రెండు నెలల తర్వాత ఇంకో ఆవు ఈనుతుంటే ఆ రాత్రంతా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఎదురుగా ఈ ఆవు. మోర కిందికి దించింది, నేల వాసన చూసింది, మోకాలు వంచింది, మళ్ళీ లేచి నిలబడింది. కాసేపటికి మళ్ళీ అదే. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాక తెల్లవారేలోగా పదిహేడు సార్లు. ఒక్కసారీ పడుకోలేదు. ముక్కుకి ఎదురుగా అడ్డంగా ఇనప పైపు, కింద తడి కాంక్రీటు. పడుకుంటే మళ్ళీ లేవలేనని దానికి తెలుసు. పగలు దాని మోకాలి చిప్పల మీద వెంట్రుకలు ఊడిపోవడం నేను చూశాను, చర్మవ్యాధి అనుకున్నాను. పైపు కోయించమని మర్నాడే చెప్పాను. కోయించారు, నెల తర్వాత. అప్పటికి ఆ ఆవు అక్కడ లేదు, పాలు లేవని తోలేశారు. అదే చోట కట్టిన ఇంకో ఆవు మొదటిరోజే పడుకుందని ఆ పెద్దావిడే నాకు చెప్పింది.

చరిత్ర భాగంలో నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఒదిగిపోతుంది, చూడండి. 1964లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు రోజర్స్ బ్రాంబెల్ అనే జంతుశాస్త్రవేత్త. 1965లో ఆ కమిటీ చెప్పిన కనీస అవసరాలు ఐదే ఐదు: జంతువు ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగగలగాలి, ఒళ్ళు శుభ్రం చేసుకోగలగాలి, లేవగలగాలి, పడుకోగలగాలి, కాళ్ళు చాపుకోగలగాలి. ఆ తర్వాత వచ్చిన ‘ఐదు స్వేచ్ఛలు’, అంటే ఆకలి, నొప్పి, భయం లాంటివి లేకుండా జంతువు బతకాలన్న సూత్రాలు, మీ పుస్తకాల్లో ఉంటాయి, పరీక్షలకి చదువుతారు. ఈ మొదటి ఐదింటిని మాత్రం మర్చిపోవద్దని బతిమాలుతున్నాను. నేను చదువుకున్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. జబ్బులు చెప్పారు, మందులు చెప్పారు. జబ్బులేని ఆవు రోజంతా ఏం చేస్తుందో ఒక్క పాఠం లేదు. ఈ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఏం చేస్తుంది? బాగున్న పాడి ఆవు రోజుకి పది నుంచి పన్నెండు గంటలు పడుకుంటుంది. ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. నెమరు ఎక్కువగా అప్పుడే వేస్తుంది. నిద్రలో ఒక దశలో మెడ కండరాలు వదులైపోతాయి, తలను పక్కకి తిప్పి ఒంటికి ఆనించుకుంటుంది. అది నిలబడి సాధ్యం కాదు. డెన్మార్క్‌లో లెనె ముంక్స్‌గార్డ్ బృందం ఆవులకి తినడానికీ పడుకోవడానికీ రోజులో కొంత సమయమే ఇచ్చి, ఏం వదులుకుంటాయో చూసింది. తినే సమయం కుదించుకున్నాయి, గబగబా తిన్నాయి. పడుకునే సమయాన్ని వీలైనంత కాపాడుకున్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 2007లో ఇంకొకటి చూశారు. పొడి రంపపు పొట్టు మీద ఆవులు రోజుకి 13.8 గంటలు పడుకుంటే, తడి పొట్టు మీద 8.8 గంటలే. కేవలం తడి వల్ల ఐదు గంటలు! మందు లేదు, ఖర్చుతో కూడిన యంత్రం లేదు. పొడి పొట్టు, అంతే.

ఆ ఐదు గంటలు ఆవు ఎక్కడ ఉన్నట్టు? గిట్టల మీద. తడి కాంక్రీటు మీద నిలబడి. కుంటుకి అదో దారి. ఇంగ్లండులో 53 పాడి క్షేత్రాల్లో హెలెన్ వే బృందం లెక్కించినప్పుడు, నిజంగా కుంటుతున్న ఆవుల్లో నాలుగో వంతు మాత్రమే యజమానుల లెక్కలోకి వచ్చాయి. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. రోజూ చూస్తున్నదే మామూలు అనిపిస్తుంది. ఆవు వేటాడబడే జాతి. నొప్పి బయటికి చూపిస్తే పులికి దొరికిపోతుంది, అందుకే దాచుకుంటుంది. అరవలేదు కాబట్టి నొప్పి లేదనే మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో! కొమ్ములు పెరగకుండా దూడకి కొమ్ము మొలకలు కాల్చేటప్పుడూ ఇదే మాట. అదే కెనడా విశ్వవిద్యాలయంలో దూడలకి ఎరుపు, తెలుపు తెరల్లో ఒకటి పాలు తెస్తుందని, ఇంకొకటి తేదని నేర్పారు. మధ్యరంగులు చూపిస్తే మామూలుగా ఆశతో దగ్గరికి వెళ్ళేవి. కాల్చిన తర్వాత, మత్తు మందు తేలిపోయాక, అదే రంగు చూసి ఆగిపోయాయి. మంచి జరుగుతుందన్న నమ్మకమే తగ్గిపోయింది. మత్తు ఇవ్వాలి, దాంతోపాటు తర్వాత నొప్పి తగ్గించే మందూ ఇవ్వాలి. ఇందులో బేరం లేదు.

పేరు పెట్టి పిలిస్తే పాలు ఎక్కువిస్తాయని మీరు విని ఉంటారు. 2009లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 516 మంది పాడి రైతుల్ని అడిగారు. పేర్లు పెట్టినచోట ఒక్కో ఆవుకి ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ. అది అడిగి తెలుసుకున్న లెక్క కాబట్టి, పేరే పాలిచ్చిందని నేను చెప్పను. పేరు పెట్టిన మనిషి ఆవుని చూస్తాడు, అంతవరకు నమ్ముతాను. భయం సంగతి మాత్రం ప్రయోగంలోనే తేలింది. 1999లో జెఫ్రీ రషెన్ బృందం చేసిన పనిలో, తమని కొట్టిన మనిషి పాలు పితికేటప్పుడు పక్కన ఊరికే నిలబడితే చాలు, ఆవులు పాలు బిగబట్టాయి. పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. ఆవులు మనుషుల్ని విడివిడిగా గుర్తుపడతాయి. మీరు లోపలికి వస్తుంటే వెనక్కి జరిగిందంటే, ఎవరంటే భయమో తెలుసుకోండి.

సమయం అయిందని చీటీ వచ్చింది. ఆచరణ భాగం చదవను. మీ బల్లల మీద ఒక్కొక్క కాగితం పెట్టించాను, చూడండి. మనం రోజూ నింపే కేస్ షీటే. అడుగున రెండు గడులు కలిపాను. మొదటిది: రాత్రి ఎంతసేపు పడుకుంది? రెండోది: చూసినవాళ్ళ పేరు. ఆ రెండో గడిలో డాక్టరు పేరు రాయకండి. పేడ ఎత్తేవాళ్ళని, మేత వేసేవాళ్ళని అడిగి, వాళ్ళ పేరే రాయండి.