కర్ర తినేసింది మేస్త్రి కాదు, మీరే!

బాబూ, పోయిన వీడియో కింద మీ కామెంట్లు చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన 30 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) టేకు కొన్నారు, తలుపులు పూర్తయ్యాక కొలిస్తే 17 కూడా తేలలేదని చూపించాను కదా. మీరంతా ఒకటే పాట: మిగతాది మేస్త్రి ఇంటికి పోయిందట! మేస్త్రులందరూ హరిశ్చంద్రులని నేననట్లేదు. కానీ ఈ కర్ర ఎవరింటికీ పోలేదు. కర్రలమ్మే అడితిలో బిల్లు కట్టిన రోజే పోయింది.

టేపు తియ్యండి. అంగుళం మందం, 8 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవున్న చెక్క. రెండు వైపులా చిత్రిక పట్టి నునుపు చేస్తే మిగిలే మందం ముప్పావు అంగుళం. అక్కడే పావు వంతు పొట్టయిపోయింది! అంచున చేవలేని తెల్ల భాగం తీసేస్తే వెడల్పు 7. తీయకపోతే చెద ముందు దాన్నే పడుతుంది. తలుపుకి కావాల్సిన పొడవు ఆరు ముప్పావు అడుగులు. మిగిలిన ముక్కతో ఏటి చేస్తారు, పీటా? ఇప్పుడు గుణించండి. 100 రూపాయల కర్రలో తలుపులోకి వచ్చింది 55. ముడి లేదు, పగులు లేదు, దొంగ లేడు. 45 పోయింది!

అదే చెక్క 7 అడుగులది ఏరుకుని ఉంటే పోయేది 37. మేస్త్రి అదే, రంపం అదే. మరి ఆ 8 రూపాయలు తిన్నదెవరు?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళని చూశారా? ఏకాండి వీణంటే ఒకే పనస దుంగ, లోపలంతా తవ్వి పారేస్తారు. అక్కడికెళ్ళి "మిగతా పనస ఏదయ్యా?" అని ఎవరైనా అడిగారా? దండం పెట్టి వస్తారు. తలుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ పోలీసులే.

నా మాట ఒకటే: వేస్టేజీ చెట్టులో లేదు, మీ జేబులోని చీటీలో ఉంది. "30 సీఎఫ్‌టీ ఇవ్వండి" అని రాసుకెళ్తే అడితిలో ఏ పొడవుంటే అది ఎక్కిస్తారు. ఏ ముక్క ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని కావాలో రాసుకుని, మేస్త్రి గారిని బండెక్కించుకుని వెళ్ళండి.

చవక కర్ర అంటారా? మాటవరసకి సీఎఫ్‌టీ 2,500 రేటుది 45 శాతం పోతే, చేతికొచ్చిన కర్ర మీకు 4,500 దాటి పడుతుంది. 3,200 ది 25 శాతమే పోతే 4,270 లోపే! ఏది చవక?

దుంగలు కొనేవాళ్ళ సంగతి వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతుని దానితోనే గుణించి పొడవుతో హెచ్చవేసే ఆ పాత లెక్క, గుండ్రటి దుంగలో ఉన్నదానికంటే 21 శాతం పైనే తక్కువ చూపిస్తుంది. బెరడు, పక్క చెక్కల తరుగు చాలావరకు అందులోనే సర్దుకుపోతుంది. కోసిన చెక్కల కొలతకి ఆ దయ లేదు.

మీ బిల్లు ఫోటోలు పంపండి, చెక్కల పొడవులతో సహా. ఉత్త సీఎఫ్‌టీ రాసి పంపితే నేను చూడను.